లైట్లు కుదిరేదాకా

"తల కొంచెం ఎడమకి, పెద్దాయనా. ఆఁ, అంతే. ఇక కదలకు" అన్నాడు లైట్‌మన్ రూబెన్ నిచ్చెన మీంచి. ఎమెట్‌ని కదలకుండా ఉండమని చెప్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే. ఇరవై ఏళ్లకు పైగా అతను తిన్న తిండంతా కదలకుండా నిలబడి సంపాదించిందే. అయినా రూబెన్ చెప్పాడు, ఎమెట్ తలూపలేదు, తలూపితే కదిలినట్టే కాబట్టి. ఎదురుగా పెద్ద దీపం ఒకటి, దాని పక్కన చిన్నది, పైన వరసగా ఇంకొన్ని, వాటి వెనకంతా చీకటి. ఆ చీకట్లో ఎవరో మడత కుర్చీలు విప్పి వేస్తున్నారు, ఎవరో కాఫీ కప్పులు పేరుస్తున్నారు, ఎవరో దేనికో విసుక్కుంటున్నారు. నటుడు లైల్ హాస్కెట్ పోయి మూడు వారాలైంది. బర్బాంక్‌లో ఈ పాత స్టూడియోలో ఏడో నంబరు ఫ్లోరు అంటే లైల్‌కి రెండో ఇల్లు, అందుకని సంతాపసభ ఇక్కడే పెట్టారు. మాట్లాడేవాళ్లంతా ఒకే మైకు దగ్గర నిలబడతారు, అక్కడ వెలుతురు సర్దాలి, వెలుతురు సర్దాలంటే అక్కడ ఒక మనిషి ఉండాలి. "ఎవరు నిలబడతారు?" అని రూబెన్ అడిగీ అడగకముందే, ఆఖరి వరసలో టై బిగించుకుని బుద్ధిగా కూర్చున్న ఎమెట్ లేచి వచ్చేశాడు. కోటు కుర్చీకే వేలాడుతోంది. వచ్చాక గానీ తెలియలేదు, తనని ఎవరూ పిలవలేదని. కాళ్లు వాటంతట అవే వచ్చాయి. డెబ్బై దాటినా కాళ్లకి బుద్ధి రాలేదు అనుకున్నాడు, కాస్త సిగ్గుపడ్డాడు, మైకు దగ్గర నేల మీద ఎవరో అంటించిన వంకాయరంగు టేపు ముక్కకి బూటు కొసలు ఆనించి నిలబడ్డాడు. వంకాయరంగు లైల్‌ది. ప్రతి నటుడికీ ఒక రంగు టేపు ఉంటుంది, లైల్ ఎప్పుడూ వంకాయరంగే అడిగేవాడు. ఎందుకు అదే అడిగేవాడో?

సినిమాల్లో డూప్ అంటే అందరికీ తెలుసు. మేడ మీంచి దూకుతాడు, కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటాడు, చప్పట్లు కొట్టించుకుంటాడు. ఎమెట్ డూప్ కూడా కాదు. దూకడు, పడడు, తెరమీద కనబడడు. నటుడు రాకముందు నటుడి చోట నిలబడతాడు, అంతే. అదే ఎత్తు, అదే ఒంటిరంగు, అదే రంగు చొక్కా. లైట్‌మన్లు అతని మీద వెలుతురు సర్దుకుంటారు, కెమెరావాళ్లు అతని ముక్కుకి టేపు పట్టి దూరం కొలుచుకుంటారు. అంతా కుదిరాక అసిస్టెంట్ డైరెక్టర్ ట్రిష్ గొంతు ఫ్లోరంతా మోగుతుంది: "మొదటి జట్టు!" మొదటి జట్టు అంటే అసలు నటులు. వాళ్లు లోపలికొస్తారు, రెండో జట్టు బయటికిపోతుంది. కూరలో కరివేపాకు సంగతే ఇది, వాసన కావాలి గానీ కంచంలో కనబడితే పక్కకి తోసేస్తారు. ఎమెట్‌కి ఈ సంగతి మీద ఏనాడూ బాధ లేదు. బాధంతా భార్య డాట్‌ది. "ఇన్నేళ్లు ఆ మనిషి చోట నిలబడ్డావు. ఆ మనిషి పోతే రెండు ముక్కలు మాట్లాడమని ఒక్కళ్లయినా అడిగారా? నేను రాను పో. నిన్ను ఆఖరి వరసలో చూడ్డానికి నేనింత దూరం రావాలా?" అంది పొద్దున, టోస్టుకి వెన్న రాస్తూ, కోపమంతా ఆ టోస్టు మీద చూపిస్తూ. "నాకు మాట్లాడ్డం రాదుగదే" అన్నాడు ఎమెట్. అదీ నిజమే. కానీ డాట్ మాట పంటికింద రాయిలా తగిలింది. మాట్లాడనివ్వకపోతే పోనీ. అసలు ఆ మనిషికి తను ఎవరైనా అయ్యాడా? లేక నేలకంటించిన ఈ టేపు ముక్కతో సమానమా? షూటింగ్ అయిపోయాక టేపు పీకేస్తారు, ఉండచుట్టి పారేస్తారు, దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఈ మూడు వారాలుగా ఎమెట్ ఆలోచించింది అదొక్కటే, అది ఎవర్ని అడిగి తెలుసుకోవాలో తెలియక ఇవాళ వచ్చాడు. అడగాల్సిన మనిషే లేడు కదా.

ఉన్నప్పుడు అడిగాడా అంటే అదీ లేదు. ఎలా అడుగుతాడు? ఇద్దరూ ఒకచోట ఉంటేగా. ఆయన వచ్చేసరికి ఇతను పోవాలి, ఇతను ఉన్నంతసేపూ ఆయన ఉండడు. దారిలో ఎదురుపడ్డప్పుడు లైల్ ఒకే మాట అనేవాడు, "నేల వెచ్చబెట్టావా, ఎమెట్?" అని. "నీదే ఇక" అనేవాడు ఇతను. ఇరవై ఏళ్ల స్నేహమో, ఇరవై ఏళ్ల పరిచయమో, ఏమనాలో తెలియదు గానీ దానికి మిగిలిన మాటలు అవే. అయితే ఆ గంటసేపు, తను ఇక్కడ దీపాల కింద ఉడుకుతున్న ఆ గంటసేపు, లైల్ ఏంచేసేవాడు? ఈ ప్రశ్న మాత్రం ఎమెట్‌ని మొదటి సినిమా నుంచీ గిలిగింతలు పెట్టేది. సౌండ్ కుర్రాళ్లు నిద్రపోతాడనేవారు. దుస్తులు చూసే లోయిస్, పాపం మంచిది, ప్రార్థన చేసుకుంటాడని నమ్మేది. వ్యాన్ డ్రైవరు మాత్రం "వ్యాన్లో ఉంటేగా నాకు తెలిసేది" అని కన్ను గీటేవాడు, దాంతో ఎవరో ఆడమనిషి ఉందని ఒక కథ పుట్టి కొన్నాళ్లు నడిచి, ఆ ఆడమనిషి ఎవరో ఎంతకీ తేలక దానంతటదే చచ్చింది. ఎమెట్ ఊహ ఇంకొకటి. ఎక్కడో మూల కూర్చుని ఆ రోజు పాత్ర తాలూకు మనిషిని, బస్సు డిపోలో వాచ్‌మనో, కోర్టులో బంట్రోతో, జైల్లో ఉన్నవాడి మామయ్యో, ఆ మనిషిని ఎక్కణ్ణుంచో తెచ్చి ఒంట్లోకి దించుకుంటాడని. ఎక్కణ్ణుంచి తెస్తాడు? అలాంటి మనుషులు దొరికే అంగడి ఏదైనా ఉందా? ఉంటే ఎమెట్‌కి చూడాలని ఉండేది. ఇంకోటి కూడా అర్థంకాదు. ఏ సినిమా ఒప్పుకున్నా ఎమెట్ ఉండాలని లైల్ ముందే షరతు పెట్టేవాడు. ఒకసారి వాంకూవర్‌లో షూటింగ్ అయితే అక్కడివాణ్ణే ఒకణ్ణి పెట్టారు, సరిగ్గా అదే ఎత్తు, అదే రంగు. లైల్ రెండ్రోజులు అలిగి కూర్చున్నాడు, మూడో రోజు ఎమెట్‌ని విమానం ఎక్కించారు. "ఏముందిరా నీలో?" అని అందరూ ఏడిపించారు. "నా నీడలో మంచి పోషకాలున్నాయి" అన్నాడు ఎమెట్. జోకు బాగానే పేలింది. కానీ నిజంగానే, ఏముంది?

కాలు తిమ్మిరెక్కుతోంది. బరువు కుడికాలి మీదకి మార్చుకున్నాడు, రూబెన్ చూడలేదు. చీకట్లోంచి కాఫీ వాసన వస్తోంది. లైల్ ముఖం గుర్తుతెచ్చుకుందామని చూశాడు ఎమెట్, రాలేదు. ముక్కలు ముక్కలుగా వచ్చింది, చెవి, గడ్డం, పల్చటి జుట్టు, కానీ మొత్తం కలిసి రాలేదు. అదే చిత్రం లైల్‌ది. దేశంలో అందరికీ తెలిసిన మొహం, ఎవరికీ తెలియని పేరు. పెట్రోలు బంకులో, విమానంలో, పళ్ల డాక్టరు దగ్గర, జనం ఆయన్ని పట్టుకుని "మీరు మా పీటర్సన్ గారి బావమరిది కదూ?" అని అడిగేవారట. వాళ్ల వీధిలో మనిషే అనుకునేవారు గానీ సినిమా మనిషనుకునేవారు కాదు. హీరోలని చూసి కేకలు వేస్తారు, లైల్‌ని చూసి యోగక్షేమాలు అడుగుతారు. తెరమీద ఆయన చేసేదల్లా ఎదురుచూడటం. ఎవరో చావుబతుకుల్లో ఉంటారు, ఎవరికో శిక్షపడుతుంది, ఎవరో రైలు దిగుతారు, ఆయన నిలబడి ఉంటాడు. బరువంతా ఒక కాలి మీద, ఎడమ చెయ్యి వీపు వెనకనుంచి పోయి కుడి మోచేతిని పట్టుకుని, ఎవరో పిలుస్తారేమో అన్నట్టు తల కాస్త పక్కకి. ఆ నిలబడటమే జనాన్ని ఏడిపించేది. నటన నేర్పే బళ్లలో దాన్ని 'హాస్కెట్ నిలకడ' అంటారట, పిల్లల్ని వరసగా నిలబెట్టి నేర్పుతారట. టీవీలో ఒక హాస్యగాడు లైల్‌లా నిలబడి నిలబడి చివరికి పావురం వచ్చి నెత్తిన వాలినట్టు చేస్తే ఎమెట్ కుర్చీలోంచి జారేదాకా నవ్వాడు. డాట్ నవ్వలేదు. "నాకైతే నువ్వు ఫ్రిజ్ తలుపు తెరిచి ఏం తిందామా అని నిలబడ్డట్టుంది" అంది. ఈ ఆడవాళ్లకి మొగుణ్ణి దెప్పడానికి ఏదైనా పనికొస్తుంది. మొన్నామధ్య కూరగాయల కొట్లో క్యూలో ఉంటే ఒక ముసలావిడ వెనకనుంచి భుజం తట్టి "ఆ సినిమాలో మీ కూతురు బతికినప్పుడు నేనెంత ఏడ్చానో" అంది. ఇతను వెనక్కి తిరగ్గానే నాలుక కరుచుకుని "క్షమించండి నాయనా, వెనకనుంచి అచ్చం ఆయనే" అంది. ఒకే ఎత్తు కదా మరి, అనుకున్నాడు ఎమెట్. ఎత్తు ఒక్కటే ఉంటే చాలు, వెనకనుంచి అందరూ అందరిలాగే ఉంటారు.

ఆ సినిమా. ఆవిడ చెప్పిన ఆ సినిమా ఎమెట్ పూర్తిగా చూడలేదు, చూడలేడు. ఆస్పత్రి వరండా సెట్టు. ఈ ఫ్లోరులోనే, ఇప్పుడు కాఫీ బల్లలున్న వైపు వేశారు, గోడలకి లేతపచ్చ రంగు, చివర ఒక తలుపు, తలుపు మీద ఎర్రదీపం. సరిగ్గా ఆ పొద్దునే డాట్‌కి నిజం ఆస్పత్రిలో ఆపరేషన్, కడుపులో గడ్డ. నర్సు వచ్చి ఇంకా మూడు నాలుగు గంటలు పడుతుంది, ఇక్కడ కూర్చుని మీరు చేసేదేం లేదు, అంది. కూర్చోవడం అతనికి రాని విద్య. కారెక్కి పనికి వచ్చేశాడు. పిచ్చి గాకపోతే ఆస్పత్రి వరండాలోంచి పారిపోయి ఆస్పత్రి వరండాలోకే వచ్చాడు. ఎవరితోనూ చెప్పలేదు. రూబెన్‌కి ఒక్కడికే చెప్పాడు, ఫోనొస్తే పరిగెత్తాలి, ఏమనుకోకు, అని. ఆ రోజు లైట్లు కుదరడానికి చాలాసేపు పట్టింది. ఆ ఎర్రదీపం నిజం ఎర్రదీపంలానే ఉంది, తలుపు వెనక చెక్కముక్కలూ వైర్లూ తప్ప ఏం లేవని తెలుసు, తెలిసినా ఆ తలుపు మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాడు. ఏం ఆలోచించాడు అప్పుడు? డాట్ లేకపోతే డబ్బాల మూతలు ఎవరు తీస్తారు అని ఆలోచించాడు. నిజం. ఆవిడ చేతుల్లో బలమెక్కువ, మూతలన్నీ ఆవిడే తీసేది. భార్య చచ్చిపోతుందేమో అన్న వేళ మనిషి డబ్బా మూతల గురించి ఆలోచిస్తాడని ఎవరికి చెప్పుకోగలడు? తర్వాత ట్రిష్ కేకేసింది, లైల్ వచ్చాడు, దారిలో ఎదురుపడ్డాడు. ఇప్పుడు తడుముకుంటే ఒకటి గుర్తొస్తోంది. ఆ రోజు లైల్ ఆ మాట అనలేదు. నేల వెచ్చబెట్టావా అని అడగలేదు. ఊరికే భుజం మీద చెయ్యివేసి తీసేశాడు. ఎందుకని? పన్నెండింటికి ఫోనొచ్చింది, గడ్డ ప్రమాదమైంది కాదట, డాట్ బాగానే ఉంది. ఆ ఆనందంలో మిగతావన్నీ మరిచిపోయాడు.

"ఇది కాదు" అన్నాడు రూబెన్ పైనుంచి. పెద్ద దీపాన్ని చటుక్కున పక్కకి తిప్పాడు, చూశాడు, మళ్లీ తిప్పాడు, దాని ముందు తెల్లగుడ్డ ఒకటి తగిలించాడు, తీసేశాడు. "చెంప లోతు పోవట్లేదు. కింద ఇంకో చిన్నది పెడితేగాని పోదు" అని గొణిగాడు. చిన్న దీపం పట్టుకుని నిచ్చెన సగం దిగి, అక్కడే ఆగిపోయాడు. ఎమెట్ చెంపలు నిండుగా, బన్నురొట్టెల్లా ఉంటాయి. లోతు చెంపలు లైల్‌వి. ఇవాళ ఈ మైకు ముందు నిలబడేవాళ్లలో లైల్ ఒక్కడే లేడు.

"ఎవరికి పెడుతున్నానురా నేనీ లైటు?" అన్నాడు రూబెన్. అని, నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయి, దీపం ఒళ్లో పెట్టుకుని, నవ్వు మొదలుపెట్టాడు, ఆ నవ్వు మధ్యలో ఎక్కడో మారిపోయింది. కింద కుర్చీలు వేసేవాళ్లు ఆగి చూశారు. ఎమెట్ కదల్లేదు. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. "కానివ్వు రూబెన్, కానివ్వు. ఎవరో ఒకరికి పనికొస్తుంది" అన్నాడు, పెదవులు ఎక్కువ కదపకుండా.

"ఎడమ మోకాలు కాదనుకుంటాను ఇవాళ" అంది చీకట్లోంచి ఒక ఆడగొంతు. "నడుమా?"

ఎవరో తెలియలేదు. దీపాల కింద ఉన్నవాడికి దీపాల వెనక ఉన్నవాళ్లు కనబడరు. నిజంగానే నడుము. పొద్దున లేచినప్పటినుంచీ పట్టేసింది, డాట్‌కి కూడా చెప్పలేదు. ఎమెట్ చెయ్యి అడ్డుపెట్టుకుని చూశాడు. ముందు వరసలో, ఇంకా ఎవరూ రాని కుర్చీల మధ్య, నల్లగౌను వేసుకున్న పొట్టి ముసలావిడ ఒక్కతే కూర్చుంది. నోరీన్, లైల్ భార్య. ఫొటోల్లో చూశాడు తప్ప ఆవిడతో ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు.

"అమ్మా, మీకెలా తెలుసు?"

"ఎడమ మోకాలైతే మడమ ఎత్తిపెడతారు. భుజమైతే మెడ రాసుకుంటారు. ఇవాళ రెండూ లేవు" అంది నోరీన్. "మా ఇంట్లో సూపు చల్లారేది మీ మోకాలి కబుర్లతోనే గదా. ఇవాళ ఎమెట్ మోకాలు బాగాలేదు, నాకు కోర్టు బంట్రోతు దొరికాడు అనేవాడు. ఎమెట్‌కి ఆకలేస్తోంది, డిపో వాచ్‌మన్ దొరికాడు అనేవాడు. మీకు జలుబు చేస్తే ఆయనకి పండగ. నేను తిట్టేదాన్ని, అదేం బుద్ధండీ, పాపం ఆయన రొంప ఆయన్ని చీదుకోనివ్వండి అని."

ఎమెట్‌కి సగం అర్థమైంది, సగం అర్థం కావడం ఇష్టంలేకపోయింది. "ఆయన ఇక్కడ ఉండేవారు కాదు గదమ్మా. లైట్లు పెట్టేప్పుడు."

"ఇక్కడే ఉండేవాడు" అన్నాడు రూబెన్, చొక్కా చేతితో మొహం తుడుచుకుంటూ. "పెద్ద దీపం వెనక, నిచ్చెన పక్కన. రోజూను. మా లైట్‌మన్లందరికీ తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. చెబితే వాడు నిలబడటం మానేసి నటించడం మొదలెడతాడు, అప్పుడు మన ఇద్దరి బతుకూ గోవిందా, అన్నాడు."

ఇరవై ఏళ్లు. దీపం వెనక. ఎమెట్‌కి ముందు గుర్తొచ్చినవన్నీ సిగ్గుచేటువే. ముక్కులో వేలు పెట్టుకున్న రోజులు, ఆవలించి ఆవలించి దవడ పట్టేసిన రోజు, నిక్కరు లోపల కుట్టుతేలి గోక్కున్న మధ్యాహ్నాలు, డాట్‌తో పోట్లాడి వచ్చి లోలోపలే ఆవిడకి సమాధానాలు చెప్పుకుంటూ పెదవులు కదిపిన పొద్దుటిపూటలు. అవన్నీ ఒక మనిషి చూశాడు. చూసి ఊరుకోలేదు, ఎత్తుకుపోయాడు. దొంగ! అనుకున్నాడు ఎమెట్, ఒళ్లంతా వేడెక్కింది, అది దీపం వేడి కాదు. దొడ్డిదారిన వచ్చి బట్టలారేసిన తీగమీంచి చొక్కా పట్టుకుపోయి, దాన్ని తొడుక్కునే ఊరేగి, చప్పట్లు కొట్టించుకున్నాడు. ఆ హాస్యగాణ్ణి చూసి తను నవ్విన నవ్వు, ఎవర్ని చూసి నవ్వినట్టు? కూరగాయల కొట్లో ముసలావిడ పొరబడలేదన్నమాట. డాట్ దెప్పలేదన్నమాట, ఆవిడ ఉన్న సంగతే చెప్పింది, తనే వినలేదు. ఎవడి వీపు వాడికి కనబడదని ఊరికే అనలేదు. అయితే వాంకూవర్‌లో అలిగింది అందుకా? ఆ మనుషులు దొరికే అంగడి ఎక్కడుందో అని ఇన్నేళ్లు వింతపడ్డాడే, ఆ అంగడి తనేనా? తన మోకాలూ, తన జలుబూ, తన ఆకలీ, వీటితో ఏంచేశాడు ఆ మనిషి? కోర్టులు చేశాడు, రైలు స్టేషన్లు చేశాడు. కోపం ఉండాల్సినంత ఉండటంలేదు. ఉంచుకుందామని చూశాడు, వేళ్లసందుల్లోంచి జారిపోతోంది. ఇరవై ఏళ్లు ఒకణ్ణి అంత శ్రద్ధగా ఎవరు చూస్తారు? కన్నతల్లి చూస్తుందా? డాట్ కూడా అంతసేపు చూడదు, చూడ్డానికి ఆవిడకి వేరే పనులున్నాయి. అప్పుడు తట్టింది ఆ వరండా.

"అమ్మా" అన్నాడు. "ఆ ఆస్పత్రి సినిమా. ఆ రోజు కూడానా?"

నోరీన్ ఒళ్లో సంచి పట్టీ సవరించుకుంది. "ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ తినలేదు. ఇవాళ ఎమెట్ దేని గురించో ఎదురుచూస్తున్నాడు నోరీన్, అది నా పాత్ర కాదు, అది వాడిదే, కానీ తీసుకోకుండా ఉండలేకపోయాను, అన్నాడు. రూబెన్‌కి ఫోన్ చేశాడు. మీ ఆవిడకి బాగానే ఉందని రూబెన్ చెప్పాక గానీ కుదుటపడలేదు. ఆ తర్వాత ఏ అవార్డు వచ్చినా ఆ సినిమాది మాత్రం హాల్లో పెట్టనివ్వలేదు, వంటింటి అలమరలో పెట్టాడు. మీకు ఎప్పటికైనా చెబుదామనే అనుకున్నాడు. రిటైరయ్యాక చెబుతాననేవాడు. నటులు రిటైరవుతారా ఎక్కడైనా?" అని, "మిమ్మల్ని సభకి మొదటి వరసలో కూర్చోబెట్టమని చెప్పాను. ఆఖరి వరసలో కోటు ఒకటే కనబడింది. ఇక్కడ చూస్తే మీరు ఆయన చోట నిలబడి ఉన్నారు. అందుకే కాసేపు మాట్లాడలేదు. ఏమనుకోకండి, మూడు వారాలైంది గదా చూసి" అంది.

ఎమెట్ కళ్లు తుడుచుకోలేదు, చేతులు ఎక్కడివక్కడే ఉన్నాయి. డబ్బా మూతల సంగతి ఆవిడకి చెబుదామా అనుకున్నాడు. ఆ సినిమా చూసి దేశమంతా ఏడ్చినప్పుడు, ఆ మొహం వెనక ఉన్నది జాం డబ్బా మూత అని. లైల్‌కి తెలిస్తే ఎంత నవ్వేవాడో. చూడటానికి అన్నీ చూశాడు గానీ అది మాత్రం చూడలేకపోయాడు, అది తనకే మిగిలింది. చెబుదాం, ఇవాళ కాకపోతే ఇంకో రోజు, డాట్‌ని తీసుకెళ్లి. "ఎవరినన్నా అయ్యానా" అన్న ప్రశ్న కోసం వెతుక్కుంటే కనబడలేదు. పొద్దుటినుంచీ మోసుకొచ్చినది ఎక్కడో పడిపోయింది.

తలుపులు తెరిచారు, జనం వచ్చారు. నటులు, లైట్‌మన్లు, వడ్రంగులు, క్యాంటీన్ వాళ్లు, నటన నేర్చుకునే పిల్లలు ఒక గుంపు. ఎమెట్ అలవాటుగా పక్కకి తప్పుకోబోతే నోరీన్ చెయ్యి అడ్డం పెట్టింది. "ఎక్కడికి? అక్కడే ఉండండి" అంది, ఇంట్లో మనిషిని గదమాయించినట్టు. ట్రిష్ మైకు దగ్గరికి వచ్చి, ఎమెట్‌ని చూసి, నోరీన్‌ని చూసి, ఏమీ అడక్కుండా పక్కన సర్దుకుంది. ఎమెట్ వెనక ఉన్న నిలువెత్తు ఫొటో మీద గుడ్డ తీశారు. "లైల్‌కి మౌనం పాటించడమంటే చిరాకు" అంది ట్రిష్. "శవానికి కూడా బోరు కొడుతుంది అనేవాడు. అందుకని ఆయన పద్ధతిలోనే కానిద్దాం. అందరూ లేవండి. ఒక్క నిమిషం, ఆయన నిలబడ్డట్టు నిలబడదాం."

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. హాల్లో దీపాలు వెలిగాయి, ఇప్పుడు అందరూ కనబడుతున్నారు. వందలమంది. బరువు ఒక కాలి మీద వేశారు, ఎడమచేతిని వెనకనుంచి పోనిచ్చి మోచేతిని పట్టుకున్నారు, తల కాస్త పక్కకి వాల్చారు. రూబెన్ నిచ్చెన పక్కన నిలబడ్డాడు. లోయిస్ నిలబడింది, ముసలి కాళ్లతో ఊగుతూ. పిల్లల గుంపు అచ్చుగుద్దినట్టు నిలబడింది, బళ్లో నేర్చుకున్నారు కదా. నోరీన్ కూడా నిలబడింది. ఎమెట్ ఒక్కడికే ఎలా నిలబడాలో తెలియలేదు. చేతులు జేబులో పెట్టుకున్నాడు, బాగాలేదు, తీసేశాడు. చర్చిలోలా ముందు కట్టుకున్నాడు, అదీ తనది కాదనిపించింది. ఏ కాలు? ఎప్పుడూ ఏ కాలి మీద నిలబడేవాడు తను? ఒళ్లంతా ఎవరిదో అద్దెకి తెచ్చుకున్నట్టుంది. ఇన్నేళ్లలో మొదటిసారి అందరూ అతన్నే చూస్తున్నారు, నిమిషం గడిచిపోతోంది. దిక్కుతోచక వెనక్కి తిరిగి చూశాడు. ఫొటోలో లేతపచ్చ గోడ, చివర తలుపు, తలుపు మీద ఎర్రదీపం, ముందు లైల్. బరువు కుడికాలి మీద వేశాడు. ఎడమచేత్తో మోచెయ్యి ఎక్కడ పట్టుకున్నాడో చూశాడు. తల ఎంత వంచాడో చూశాడు. ఒక్కొక్కటీ చూసుకుని, ఎమెట్ జనం వైపు తిరిగి, అలాగే నిలబడ్డాడు.